ఆపా మెసేజ్ రాలేదు

ఆమె మీద నాకు కుళ్లు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత రాసేదంతా తేలికవుతుంది. పోయిన మనిషి గురించి రాసేటప్పుడు అందరూ ఎక్కడినుంచో ఒక మెత్తని గొంతు తెచ్చిపెట్టుకుంటారు. నాకు ఆ గొంతు రాదు. ఆమె ఉన్నన్నాళ్లూ నా కడుపు మండింది. పోయి ఎన్నో రోజులు కాలేదు, ఇంకా మండుతూనే ఉంది.

పేరు రాయను. రాస్తే ఆమెకు ఇంకో మంచి మార్కు పడుతుంది, ఇప్పటికే ఉన్నవి చాలు. మా ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నుంచి లిఫ్టు నడిపే తాత దాకా అందరూ ఆమెను ‘ఆపా’ అనేవాళ్లు. నన్ను ‘మేడం’ అంటారు. ఆపా అంటే అక్క. మేడం అంటే ఏమిటో మీకు తెలుసు, తలుపు దగ్గర నిలబడి పిలిచే పిలుపు.

పోయిన వారం మా మేనేజరు ఆ తలుపు దగ్గరే నిలబడి అన్నాడు: “మేడం, పొద్దుగాల వచ్చే మెసేజ్ కింద ఇంకా ఆపా పేరే వస్తుంది. మనిషే లేకపాయె. బయటోళ్లు చూస్తే మంచిగుండదు. జర ఆ పేరు తీసేసి మీ పేరు పెట్టుండ్రి.”

సరేనన్నాను. ఎన్నేళ్లుగానో ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని ఎదురుచూసినదాన్ని, సరేనని అనడానికి నాకు కాస్త టైం పట్టింది. అప్పటినుంచి ఆమె నా కళ్ల ముందు కిటికీ పక్క తన కుర్చీలో కూర్చొని చెరుకు నములుతూనే ఉంది.

మాది నిజామాబాద్‌లో ఆసుపత్రులన్నీ ఒకదాన్నొకటి ఆనుకొని నిలబడ్డ వీధిలో ఒక మోస్తరు ఆసుపత్రి. బోధన్‌లో, భీమ్‌గల్‌లో, సిరికొండలో చిన్న క్లినిక్కులున్నాయి. అక్కడ తీసిన రక్తాన్ని డబ్బాలో పెట్టుకొని మోటారు సైకిలు మీద ఇక్కడి ల్యాబుకు తెస్తారు. రిపోర్టు మాత్రం కంప్యూటర్లోనే తిరిగి వెళ్తుంది. ల్యాబులో మిషన్లు మాట్లాడే భాష ఒకటి, రిజిస్ట్రేషను కౌంటరుది ఇంకొకటి, బిల్లింగు, మందుల షాపు తలా ఒక తీరు. వీళ్లందరి మధ్యలో కూర్చొని ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేలా మార్చి చేరవేసే సాఫ్ట్‌వేరు ఒకటుంది. ఇంటిగ్రేషన్ ఇంజిన్ అంటారు. అందులో ఒక్కో దారిని ఒక్కో ఛానెల్ అంటాం. ల్యాబు నుంచి భీమ్‌గల్‌కు ఒక ఛానెల్, కౌంటరు నుంచి బిల్లింగుకు ఒకటి, ఇలాగ. ఏ దారి మూసుకుపోయినా ఎక్కడి రిపోర్టు అక్కడ నిలబడిపోతుంది.

ఆ ఇంజిన్ నా రాజ్యం. అది ఎలా ఉందో చూపించే డ్యాష్‌బోర్డు నా కంప్యూటర్లో మాత్రమే తెరుచుకునేది. ఛానెల్ నడుస్తుంటే పచ్చ చుక్క, ఆగితే ఎర్ర చుక్క. ఆ చుక్కల సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరికి ఏం రాకపోయినా నాకే ఫోను. “మేడం, రిపోర్ట్ వస్తలేదు, జర చూడుండ్రి.” కూరగాయల మార్కెట్లో ఉన్నా ఫోను, చుట్టాల పెళ్లిలో విస్తరి ముందు కూర్చున్నా ఫోను. మా ఆయన విసుక్కునేవాడు. నేనూ ఆయనతో కలిసి పైకి విసుక్కునేదాన్ని, “ఏం చేస్త, నేను లేకుంటే ఒక్క పని కాదు వాళ్లకు” అని. ఆ మాట అనడంలో ఉన్న సుఖం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఫోను మోగిన ప్రతిసారీ నేను ఒక మనిషినని నాకు గుర్తొచ్చేది.

అట్లాంటి రోజుల్లో ఆమె వచ్చింది.

బోధన్ నుంచి రోజూ బస్సు. నాకంటే కొంచెం పెద్దది, నాలాగే ఎంసీఏ, హైదరాబాదులో కొన్నాళ్లు చేసి వచ్చింది. ఎందుకు వదిలేశారని అడిగితే, “గాడ ఆఫీసు ఆరో అంతస్తుల ఉండె మేడం, లిఫ్టు ఊకె ఖరాబైతుండె” అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు, నిజంగానే అదే కారణం. నా జన్మలో అంత బద్ధకపు మనిషిని చూడలేదు. వచ్చీ రాగానే కిటికీ పక్క కుర్చీలో కూలబడేది. ఇక సాయంత్రం బస్సు టైమయ్యేదాకా ఆ కుర్చీ ఆమెను వదిలేది కాదు. నీళ్లు కావాలంటే ఎవరో తెచ్చేవాళ్లు. ఫైలు కావాలంటే ఎవరో అందించేవాళ్లు. ఎవరూ మొహం మాడ్చుకునేవాళ్లు కాదు. అదే నాకు అర్థం కాలేదు.

టిఫిను డబ్బాలో చెక్కు తీసి ముక్కలు చేసిన చెరుకు తెచ్చేది. చెరుకు సీజన్లో రోజూ ఆలస్యం. ట్రాక్టర్ల వెనక బస్సు ఇరుక్కుందని చెప్పేది, ఆ ఆలస్యానికి కారణమైన సరుకునే చేతిలో పట్టుకొని. పిప్పి అంతా కాగితంలో చుట్టి నా చెత్తబుట్టలో వేయించేది, ఎందుకంటే ఆమె బుట్ట నిండిపోయి ఉండేది. కీబోర్డు మీద వేళ్ల జిగురు. ఒకనాడు స్పేస్ బార్ కింద నుంచి చీమల బారు బయటికొచ్చింది. నేను అరిచాను. ఆమె తాపీగా ఆ చీమలను చూసి, “పాపం, గవి గుడ నౌకరీకి వచ్చినయి మేడం” అంది. గదిలో ఉన్నవాళ్లంతా పడీ పడీ నవ్వారు. ఆ కీబోర్డు కొనమని అర్జీ పెట్టి తెప్పించింది నేను.

మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం ఆమెను డ్యాష్‌బోర్డు ముందు కూర్చోబెట్టి, నేను తిని వచ్చేదాకా చూస్తూ ఉండమన్నాను. తిరిగొచ్చేసరికి ఆమె కళ్లు మూసుకొని ఉంది.

“ఆపా, చూస్తున్నరా?”

“చూసిన మేడం. పచ్చగున్నది.” ఒక కన్ను తెరిచింది. “దీన్ని పొద్దంత చూసుకుంట కూసోవాల్నా?”

“కూసోవాలె. నేను ఇన్నేళ్లు కూసోలేదా?”

“చూసుడెందుకు మేడం? అడిగితే చెప్తది కదా.”

అని ఆమె నాకు పాఠం చెప్పింది. నాకు! “ఇంజిన్‌కు ముంగట దర్వాజ ఒకటి ఉన్నది, మనసొంటోళ్లు పోయి చుక్కలు చూసేటిది. పక్కకు ఇంకో చిన్న కిటికీ ఉన్నది, వెబ్ ఏపీఐ అని. మనం ఒక స్క్రిప్టు రాసి పెడితె, అది కొద్దికొద్దిసేపటికి గా కిటికీ కాడికి పోయి, పేరు పాస్‌వర్డు చెప్పి, ‘ఏ ఛానెల్ ఎట్లున్నది’ అని అడుగుతది. ఇంజిన్ జవాబిస్తది. ఏదన్న ఆగితే స్క్రిప్టు మనకు మెసేజ్ పంపుతది. మనం మన చెరుకు మనం తినొచ్చు.”

ఆ కిటికీ సంగతి నాకు తెలియదని కాదు. ఇంజిన్ పెట్టించిన రోజే దాని గురించి చదివాను. తెరవలేదు, అంతే. కిటికీ తెరిస్తే లోపలేముందో అందరూ చూస్తారు. అందరూ చూడగలిగితే ఇక నన్ను అడిగేదెవరు?

ఆమె ఆ సాయంత్రం బస్సులోపే రాసేసింది. చిన్న స్క్రిప్టు. నేను వెనక నిలబడి తప్పులు వెతికాను. దొరకలేదు. ఒక్కచోట మాత్రం, ఇంజిన్‌ను అడగడం అయిపోయాక స్క్రిప్టు మళ్లీ వెనక్కి వెళ్లి లాగౌట్ అవుతోంది. “ఇదెందుకు? జవాబు వచ్చింది కదా” అన్నాను. “పోయొస్త అని చెప్పకుండ లేచిపోతమా మేడం ఎవరింట్లకెల్లి? చెప్పకుంటె వాళ్లు తలుపు తెరిచే పెట్టుకొని కూసుంటరు” అంది. నిజమే. లాగౌట్ కాకపోతే పాత లాగిన్లన్నీ పేరుకొని ఇంజిన్‌కు భారమవుతాయి. నేనైతే ఆ కారణం చెప్పేదాన్ని, ఆమె మర్యాద అని చెప్పింది. మర్నాడు క్యాంటీన్లో అందరూ ‘పోయొస్త’ మాట చెప్పుకొని మురిసిపోయారు.

తర్వాత ఆమె చేసిన పని నా కళ్లలో నిప్పులు పోసింది. స్క్రిప్టు మెసేజ్‌లు నాకు మాత్రమే వచ్చేలా పెట్టవచ్చు. అలా పెట్టలేదు. ల్యాబుకు, మందుల షాపుకు, కౌంటరుకు, క్లినిక్కుల సిస్టర్లకు, అందరికీ వెళ్లేలా పెట్టింది. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఒక మెసేజ్: ‘అంతా నడుస్తుంది. చాయ్ తాగుండ్రి. – ఆపా.’ మధ్యలో ఏదైనా ఆగితే ఇంకొకటి: ‘సిరికొండ దారి ఆగింది. మేడంకు చెప్పిన. ఫికర్ చెయ్యకుండ్రి. – ఆపా.’ అది నాకూ వచ్చేది. నేను పరుగెత్తి బాగుచేసేదాన్ని. బాగైన తర్వాత ఇంకో మెసేజ్: ‘సిరికొండ దారి మంచిగైంది. – ఆపా.’ పరుగు నాది, కింద పేరు ఆమెది.

బాగున్నప్పుడు కూడా రోజూ చెప్పడమెందుకని అడిగాను. దానికీ ఆమె దగ్గర కథ ఉంది. సాయంత్రం బోధన్ బస్టాండులో దిగగానే ఆమె ఇంటికి మిస్స్‌డ్ కాల్ ఇస్తుంది. ఎవరూ ఎత్తరు, మోగితే చాలు, చేరిందని అర్థం. మోగకపోతే తమ్ముడు బండి తీసుకొని బస్టాండుకు బయల్దేరతాడు. “మంచిగుంటెనే ఫోన్ మోగాలె మేడం. ఏదన్న అయితెనే చేస్త అంటె, ఏదన్న అయినంక చేతుల ఫోన్ ఉంటదా? స్క్రిప్టు గుడ పడిపోవచ్చు. గందుకే అందరికి చెప్పిన, తొమ్మిదింటికి నా మెసేజ్ రాకుంటె మేడంకు ఫోన్ కొట్టుండ్రి అని.”

అంటే నాకు ఫోను రావాలంటే ఆమె స్క్రిప్టు చావాలి. అది చావలేదు. వానల్లో, కరెంటు కోతల్లో, ఇంజిన్ కొత్త వెర్షన్ వేసిన రోజుల్లో కూడా తొమ్మిదింటికి చాయ్ తాగమని చెప్పింది. నా ఫోను మూగబోయింది. కూరగాయల మార్కెట్లో ప్రశాంతంగా వంకాయలు ఏరుకున్నాను. పెళ్లిళ్లలో వడ్డించిందంతా వేడివేడిగా తిన్నాను. మా ఆయన “ఇప్పుడు మంచిగున్నది” అన్నాడు. ఆ మాటకు నేను ఆయనతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

ఇంకా ఘోరం, భీమ్‌గల్ సిస్టరు ఆ మెసేజ్‌కు రోజూ జవాబు రాసేది. చర్చిలో పాడే మనిషి, గొంతు మెసేజ్‌లో కూడా వినిపిస్తుంది. ‘గుడ్ మార్నింగ్ ఆపా, మీరు తాగిండ్రా?’ అది స్క్రిప్టు పంపిన మెసేజ్ అని, దాని వెనక మనిషి లేదని నేను ఆమెకు ఫోన్లో వివరించాను. “ఎరుకనే మేడం. గని ఆపా పేరుంది కదా” అంది. ఇటు ఆపా ఆ జవాబులన్నిటికీ తన ఫోను నుంచి తిరిగి జవాబులు రాసేది. పనిలో బద్ధకం గానీ దీనికి లేదు. ‘ఇంకా లేదు బిడ్డా, బస్సులున్న.’

మనుషులను పలకరించే తీరు కూడా ఆమెది వేరు. “మంచిగున్నవా?” అంటుంది, ఎదుటివాళ్లు “మంచిగున్న ఆపా” అంటారు. అందరం అక్కడితో ఆపేస్తాం. ఆమె ఆపదు. “మంచిగున్ననని అందరంటరు. పొద్దుగాల ఏం తిన్నవో చెప్పు” అంటుంది. అప్పుడు బయటికొస్తుంది అసలు సంగతి. లిఫ్టు తాత పన్ను నొప్పితో ఏమీ తినలేదని అట్లాగే తెలిసింది. కౌంటరు పిల్ల అత్తగారితో గొడవపడి ఖాళీ కడుపుతో వచ్చిందని అట్లాగే తెలిసింది. వాళ్లిద్దరినీ పొద్దున్నే నేను కూడా పలకరించాను. “మంచిదే మేడం” అన్నారు, నేను ముందుకు నడిచాను. అడగాల్సింది నాకు తోచదని కాదు. నేనడిగితే వాళ్లు చెప్పరు, అది నాకు తెలుసు. ఆ తెలిసిన విషయమే నన్ను కాల్చింది.

ఇక నా రోజు ఒకటి వచ్చింది. దాని గురించి చెప్పకపోతే నాకు నేను అన్యాయం చేసుకున్నట్టు.

స్క్రిప్టు వచ్చినా నేను డ్యాష్‌బోర్డు చూడటం మానలేదు. అలవాటు అనండి, పంతం అనండి. జ్వరాల సీజను. ఆ పూట అన్నీ పచ్చ చుక్కలే. కానీ భీమ్‌గల్ చుక్క పక్కన ఒక అంకె ఉంటుంది, పంపడానికి వరుసలో ఎన్ని ఆగి ఉన్నాయో చూపించేది. ఎప్పుడూ సున్నా ఉండే అంకె అది. ఆ పూట పెరుగుతోంది. ఛానెల్ నడుస్తూనే ఉంది, తీసుకుంటూనే ఉంది, అవతలి కంప్యూటరు అందుకోకపోవడం వల్ల అన్నీ లోపలే పేర్చుకుంటోంది. స్క్రిప్టు వెళ్లి ‘ఎట్లున్నవ్’ అని అడిగితే ‘నడుస్తున్న’ అని చెప్తోంది. అది అబద్ధం కాదు కూడా.

భీమ్‌గల్‌కు ఫోను చేశాను. సిస్టరు ఎత్తి, “మేడం, బీడీలు చేసే అవ్వ ఒకామె పొద్దటిసంది జ్వరంతోని బెంచి మీదనే పండుకున్నది. ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం చూస్తున్నం” అంది.

“రిపోర్టు ఎప్పుడో అయిపోయింది. ఇక్కడ ఆగింది. నాకు ఫోన్ ఎందుకు చెయ్యలేదు?”

“ఆపా మెసేజ్‌ల అంతా నడుస్తుందని ఉన్నది కదా మేడం. ల్యాబులనే లేటైతుందేమో అనుకున్నం.”

రిపోర్టు తెరిచి ఫోన్లోనే చదివాను. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. వెంటనే అంబులెన్సులో ఇటు పంపించారు. అవ్వ బతికింది, నడుచుకుంటూ ఇంటికి పోయింది. అదంతా అయ్యాక నేను కిటికీ పక్క కుర్చీ దగ్గరికి వెళ్లాను. ఎన్నాళ్లుగానో దాచుకున్న నడకతో వెళ్లాను.

“ఆపా, లిఫ్టు తాతను రోజూ ఏం తిన్నవని అడుగుతరు కదా.”

“అడుగుత మేడం.”

“ఇంజిన్‌ను మాత్రం మంచిగున్నవా అని అడిగి ఊకున్నరేంది? అది మంచిగున్ననే అంటది. లోపల ఎన్ని ఆపుకొని కూసున్నదో అడగొద్దా? మీ మెసేజ్ నమ్ముకొని అక్కడ అవ్వను పొద్దంత బెంచి మీద పండబెట్టిండ్రు.”

ఆమె నమలడం ఆపింది. ఆ మొహం నుంచి రంగు దిగడం నేను చూశాను, చూసి సంతోషపడ్డాను. “అవ్వ మంచిగున్నదా?” అంది. ఉందన్నాను. “ఏమన్న తిన్నదా?” అంది. తిన్నదన్నాను. అప్పుడు ఆమె రెండు చేతులూ బల్లకు ఆనించి కుర్చీలోంచి లేచింది. పనివేళలో ఆమె లేవడం అదే మొదటిసారి చూశాను. నా బల్ల దగ్గరకు నడిచొచ్చి, వంగి, “ఏడ చూసిండ్రు మేడం గా అంకెను, నాకు చూపుండ్రి” అంది. చూపించాను. చాలాసేపు చూసింది. “అరె, నా స్క్రిప్టు గుడ్డిది. నేను బద్ధకంతోని ఒక్క సవాలే అడిగిన” అంది. మళ్లీ వెళ్లి కూర్చొని, ఏపీఐలోనే ఆ లెక్కలిచ్చే చోటు ఇంకొకటి ఉంటే, అది కూడా స్క్రిప్టు అడిగేలా రాసింది. వరుసలో ఎన్ని ఆగాయి, చివరిది ఎప్పుడు పోయింది. ఆ తర్వాత చెరుకు డబ్బా నా వైపు జరిపింది. తిన్నాను. తియ్యగా ఉంది, దాన్ని కాదనలేను.

ఆ గెలుపు నాకు ఒక్క రోజు కూడా మిగల్లేదు. మర్నాడు మీటింగులో ఆమె అందరి ముందూ, కూర్చునే, గట్టిగా చెప్పింది: “గిది మేడం పట్టుకున్నరు. నా స్క్రిప్టుకు కండ్లు లేకుండె, మేడం ఇచ్చిండ్రు. మేడం లేకుంటె గా అవ్వ ఏమైతుండెనో.” అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు నా వైపు చూసి కాదు, ఆమె వైపు చూసి అన్నాడు: “చూసిండ్రా, ఎంత పెద్ద మనసో! తన తప్పు తానే ఒప్పుకొని పేరు మేడంకు ఇచ్చింది.” బయటికొస్తుంటే లిఫ్టు తాత కూడా అదే అన్నాడు. పట్టుకున్నది నేను, పెద్ద మనసు ఆమెది. నన్ను పొగిడినా పొగడ్త ఆమెకే పోయిన ఆ మీటింగు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. స్క్రిప్టు మాత్రం ఆ రోజు నుంచి ఇంకా బాగా పనిచేసింది. నా ఫోను ఇంకా మూగదైంది.

ఒక్కసారి ఆమెకు అనుమానం వచ్చింది. పసుపు సీజను, మార్కెట్ యార్డు వైపు నుంచి వచ్చే లారీల గాలికి గదంతా పసుపు వాసన. నేను ఖాళీగా ఫోను చేతిలో తిప్పుతూ కూర్చున్నాను.

“మేడం, నామీద గుస్సా ఉన్నదా మీకు?”

“నాకెందుకు గుస్సా? మంచిగున్న.”

“ఏం తిన్నరు పొద్దుగాల?”

ఆ ప్రశ్న నామీదికే వచ్చింది. “ఇడ్లీ” అన్నాను.

“ఫోన్లు మోగకుంటె మంచిదే కదా మేడం. కడుపు నిండ అన్నం తింటరు, ఇంట్ల నిమ్మలంగ ఉంటరు. మీకోసమే అనుకున్న నేను.”

నాకు అన్నం కంటే ఆ ఫోన్లే ఇష్టమని ఆమెతో ఎలా చెప్పను? ఆమెకు పిలుపుల కరువు ఎప్పుడూ లేదు. పుట్టినప్పటినుంచీ కడుపునిండా పిలుపులు తిని పెరిగిన మనిషికి నా ఆకలేం తెలుస్తుంది? “అదేం లేదు ఆపా, పని చూసుకోండ్రి” అన్నాను. రెండో ప్రశ్నకు కూడా నేను నిజం చెప్పలేదని తెలిసినదానిలాగ ఆమె తల ఊపి, కిటికీ వైపు తిరిగింది.

మొన్న ఎండాకాలం చివర్లో ఆమె గుండె ఆగిపోయింది. ఇంట్లోనే, మధ్యాహ్నం, కుర్చీలో. ఇంకెక్కడ పోతుంది? బోధన్‌కు బస్సులో వెళ్లాను. బయట షామియానా కింద మగవాళ్లు, లోపల ఆడవాళ్లు. పక్కింటి మరాఠీ ఆవిడ ఒకరు ఏడుస్తూ మరాఠీలోనే ఏదో చెబుతోంది, అందరూ తలలూపుతున్నారు. నేను గుమ్మంలో నిలబడితే ఆపా మరదలు వచ్చి చేయి పట్టుకుంది.

“మీరు మేడమేనా? మేడం, ఇంట్ల రోజు మీ ముచ్చటే. మా మేడం కన్ను మస్తు తేజ్, చీమ నడిచినా పట్టుకుంటరు అని చెప్తుండె.”

ఇంతకంటే అన్యాయం ఏముంటుంది? నేను ఇంట్లో ఆమె గురించి ఏమేం అనేదాన్నో మా ఆయనకు తెలుసు. ఆమె తన ఇంట్లో నన్ను పొగుడుకుంటూ కూర్చుంది. తీరిగ్గా తిట్టుకునే హక్కు కూడా నాకు లేకుండా చేసి పోయింది. మరదలి చేయి పట్టుకొని ఏడ్చాను. ఏడుపులో ఎంత దుఃఖమో ఎంత ఉక్రోషమో విడదీయమంటే నా వల్ల కాదు.

సరే, మేనేజరు చెప్పిన పని. మొన్న సాయంత్రం ఆమె కంప్యూటర్లో స్క్రిప్టు తెరిచాను. ఒక్క పదం మార్చాలి. ‘ఆపా’ తీసేసి ‘మేడం’ అని పెట్టాను. చాయ్ తాగమనే మాట ఉంచాను, అది నేనూ చెప్పగలను. పరీక్షించి చూశాను, బాగానే ఉంది. ఇంటికి పోయి, నిన్న పొద్దున ఏమీ తినకుండానే తొందరగా వచ్చి ఫోను బల్ల మీద పెట్టుకొని కూర్చున్నాను. తొమ్మిదింటికి మెసేజ్ వెళ్లింది. ‘అంతా నడుస్తుంది. చాయ్ తాగుండ్రి. – మేడం.’ నా పేరు నాకే అందంగా కనిపించింది.

ఫోను మోగింది. మందుల షాపు.

“మేడం, ఆపా మెసేజ్ రాలేదు. ఏమన్న బందైందా?”

“వచ్చింది కదా, ఇప్పుడే. నా పేరుతోని.”

“గది చూసిన మేడం. ఆపాది రాలే కదా, గందుకని కొట్టిన.”

పెట్టేసేలోపు ఇంకొకటి. ల్యాబు. తర్వాత కౌంటరు. తర్వాత సిరికొండ. అందరికీ ఆమె పోయిందని తెలుసు, షామియానా కింద నిలబడి వచ్చినవాళ్లే కొందరు. అయినా తొమ్మిదింటికి ఆమె మెసేజ్ రాకపోతే నాకు ఫోను చేయమని ఆమె చెప్పింది, చేస్తున్నారు. ఎన్నో ఏళ్ల తర్వాత నా ఫోను పాతరోజుల్లోలాగ ఊపిరాడకుండా మోగింది. ప్రతి ఒక్కరికీ అదే చెప్పాను, ఏమీ ఆగలేదు, అంతా నడుస్తోందని. “అట్లనా మేడం” అని నమ్మకం లేనట్టు పెట్టేశారు.

చివరికి భీమ్‌గల్ సిస్టరు.

“మేడం, అంతా మంచిదేనా?”

“మంచిదే. ఇంజిన్ నడుస్తుంది, వరుసల ఏం ఆగలేదు, అన్నీ చూసిన.”

“ఇంజిన్ కాదు మేడం. మీరు.”

“మంచిగున్న.”

ఆ పాట పాడే గొంతుతోనే అడిగింది: “మరి పొద్దుగాల ఏం తిన్నరు?”

తర్వాత చేస్తానని ఫోను పెట్టేశాను. స్క్రిప్టు తెరిచి నా పేరు తీసేశాను. ‘ఆపా’ అని టైపు చేశాను, ఆమె కీబోర్డు ఇంకా జిగురుగానే ఉంది. మేనేజరు అడిగితే ఏదో ఒకటి చెప్తాను. ఇవాళ పొద్దున తొమ్మిదింటికి ఆపా మెసేజ్ అందరికీ వెళ్లింది. భీమ్‌గల్ నుంచి ‘గుడ్ మార్నింగ్ ఆపా’ అని జవాబు కూడా వచ్చింది. సాయంత్రం అయింది. నా ఫోను ఒక్కసారి కూడా మోగలేదు.